బత్తాయి రంగు చీర

రెండువేల పద్దెనిమిది. ఎండలు ముదురుతున్న దినాలు. నల్గొండల నా రంగుల దుకాణం పెట్టి అప్పటికి ముప్పై ఏండ్లు కావస్తాంది. దుకాణం అంటే పెద్దగ ఊహించుకోకుండ్రి. ముందట కూసునే అరుగు, ఎనుక రేకుల షెడ్డు, షెడ్డుల మూడు పొయ్యిలు, వాటి మీద మూడు స్టీలు గంగాళాలు. గంతే. నన్ను రంగుల నర్సయ్య అంటరు. నా గోర్లు చూసి గా దినం దుకాణంల ఏ రంగు నడుస్తాందో గల్లీల పోరగాండ్లు సుత చెప్తరు.

శానామంది అడుగుతరు, రంగేసుడుల ఏమున్నదే, నీళ్లు కాగవెట్టి ముంచి తీసుడే గద అని. నాకు మండుతది. బువ్వ వండుడుల ఏమున్నది, బియ్యం నీళ్లల్ల ఏసుడే గద అన్నట్టు. ఒక దుపట్టాకు పక్క బట్ట రంగు కలుపుడును మేము షేడ్ మ్యాచింగ్ అంటం. తడిగున్నప్పుడు ఒక రంగు కనిపిస్తది, ఆరినంక ఇంకో రంగు అయితది. దుకాణం లైటు కింద సక్కగున్నది పెండ్లి పందిట్ల తేలిపోతది. ఆరితే ఎట్లుంటదో తడి మీదనే చెప్పాలె. గది నాకు వచ్చు. పెద్ద దుకాణాలోళ్లు ఏసిన రంగులన్నిటి ముక్కలు అట్టలకు అతికించి దాచుకుంటరు, దాన్ని షేడ్ కార్డ్ అంటరు. నేను పెట్టుకోకపోతుంటి. "నా కన్నే నా షేడ్ కార్డ్" అని వచ్చినోళ్లకల్ల చెప్పుకుంట తిరిగెటోన్ని. ఎంత పొగరో చూడుండ్రి.

మా గల్లీ మలుపు తిరిగితే మసీదు. నా గిరాకీల సగం ముస్లిం ఇండ్లే. బట్టలు ముంచుకుంటనే వాళ్ల పద్ధతులు కొన్ని నేర్చుకున్న. పెండ్లిపిల్ల దుపట్టా నెత్తురు తీరుగ ఎర్రగుండాలె. దర్గా మీద కప్పే చాదర్ ఆకుపచ్చది. జుమ్మా నమాజుకు మగోళ్లు తెల్లవి ఇష్టపడ్తరు. మగోళ్లు పట్టు తొడుగరు. కుసుమపువ్వు ఎరుపు, కుంకుమపువ్వు పసుపు మగోళ్లకు తగదని పెద్దలు చెప్తరు. ఒకపారి ఒక పిలగాడొచ్చి తన పెండ్లి కుర్తాకు కుంకుమపువ్వు రంగు అడిగితే ఏసిచ్చిన. తెల్లారి వాళ్ల నాయిన కుర్తా పట్టుకొని వచ్చిండు. "నర్సయ్యా, నీ చేతిపనికి వంక లేదు. గాని మా మగోళ్లకు గీ రంగు కాదు. బాదామి రంగు చెయ్" అన్నడు. చేసిన. ముంచే ముందు ఇంకొక్క మాట అడగాలె అని గప్పుడన్న నాకు బుద్ధి రావాల్సుండె.

ఇంకోటి సుత ఎరుకే. మొగడు చనిపోయిన ఆడిమనిషి నాలుగు నెలల పది దినాలు ఇద్దత్‌ల ఉంటది. గా దినాలు ఇల్లు దాటదు, సుర్మా పెట్టదు, గాజులు తొడుగదు, మెరిసే రంగులు కట్టదు. ఒక ఇంటి నుంచి దుపట్టాలు వచ్చుడు ఉన్నట్టుండి బందయితే ఆ ఇంట్ల ఏదో అయిందని నాకు సమజైతది. గింత ఎరుకున్నదని నాకు మిడిసిపాటు. ఏమీ తెలువనోడు ఊకుంటడు, అంతా తెలిసినోడు ఆగుతడు. సగం తెలిసినోడే ముంచుతడు.

యూసుఫ్ నా దుకాణానికి వచ్చింది ఆ ఎండకాలం మొదట్లనే. బత్తాయి మార్కెట్‌ల కాయ ఏరేటోడు. తోటల నుంచి వచ్చిన కాయను సైజు చూసి, రంగు చూసి కుప్పలు పెడ్తరు, గదీ పని. ముప్పై ఏండ్లు నిండని మనిషి, సన్నగ, ఎప్పుడు నవ్వుమొకమే. వచ్చి అరుగు మీద కూసోని, "చాచా, నాకొక చీర కావాలె" అన్నడు.

"నేను చీరలు అమ్మను కొడుకా. రంగేస్త."

"ఎరుకే. చౌటుప్పల్ దిక్కు మీ బామ్మర్ది చిటికి చీరలు నేస్తడట గద, నూలుకు రంగు నువ్వే ఏసి పంపుతవట. గసొంటిది కావాలె. గీ రంగుది." అనుకుంట కిస్సలకెల్లి ఒక బత్తాయి తీసి నా ముందట పెట్టిండు.

కాయను అటు తిప్పిన, ఇటు తిప్పిన. "గిదేం రంగురా? పచ్చనా, పసుపా?"

"రెండు కాదు చాచా. తిరుగుతున్న కాయ. తోటల పచ్చగుంటది, మార్కెట్‌ల పడ్డంక పసుపైతది. నడుమ ఒక్క పూట గీ రంగు ఉంటది. నేను దినాం చూస్త. షాహీన్ ఎన్నడూ చూడలే. ఇంటికి పట్టుకపోయేసరికి మారిపోతది."

"షాహీన్ ఎవలు?"

"ఇంకెవలు చాచా, మా ఇంటిది." సిగ్గువడ్డడు. "చీర చేయిస్తున్నని చెప్పిన, రంగు చెప్పలే. ఎరుపా, నీలమా అని తినేస్తాంది. ఈద్ నాడు చూద్దువు తియ్ అన్న."

చిటికి పని గురించి జర చెప్పాలె. టై అండ్ డై అని బోర్డుల మీద రాస్తరు. మామూలుగ బట్ట నేసినంక రంగుల ముంచుతరు. చిటికి చీరకు ముందుగాల నూలునే సాగదీసి, పువ్వు ఎక్కడ రావాల్నో లెక్క చూసి, అక్కడక్కడ సైకిల్ ట్యూబు పీలికలతోని గట్టిగ ముడులు కడ్తరు. గప్పుడు రంగుల ముంచుతరు. ముడి కట్టిన కాడికి రంగు పోదు, తెల్లగ ఉంటది. ముడులు ఇప్పి, నూలు ఆరవెట్టి, అటెనుక మగ్గం మీద ఎక్కిస్తరు. నేస్తాంటే పువ్వు దానంతల అదే లేస్తది. అంచులు జర చెదిరినట్టుంటయి, గదే దాని అందం.

గా షేడ్ పట్టుడుకు నన్ను ఆరు దినాలు తిప్పలవెట్టిండు యూసుఫ్. నేను పొద్దుగాల కాయను చూసి మందు కలిపితే, మాపటికల్ల కాయనే మారిపోయేది. "అయ్యో చాచా, గిది నిన్నటి కాయ, దీన్ని చూడకు" అని ఇంకోటి తెచ్చేటోడు. అరుగు మీద బత్తాయిలు వరుస పెట్టినం. పసుపైనవి ఇద్దరం ఒలుసుకొని తినుకుంట కొట్లాడేది. వాని కన్ను నా కన్నుకు తీసిపోదు. ఏడోనాడు ఆరిన నూలు చిలప చేతికిస్తే ఎండలకు పట్టుకపోయి చూసిండు. కాయను దాని పక్కకు ఆనిచ్చిండు. "గిదే చాచా" అన్నడు. చౌటుప్పల్ కాడికెల్లి ముడులు కట్టి పంపిన నూలును గా రంగుల ముంచి, నేసుడుకు మల్ల బామ్మర్దికి పంపిన.

నెల తిరగకముందే యూసుఫ్ పోయిండు. దేవరకొండ రోడ్డు మీద తోటకాడికెల్లి బండి మీద వస్తాంటే లారీ గుద్దింది. దవాఖానకు కొంచవోయేసరికే పాణం లేదన్నరు. మయ్యత్‌కు నేనూ పోయిన. తెల్లటి కఫన్‌ల చుట్టి తీస్కపోతాంటే నాకు అరుగు మీది బత్తాయిలే కండ్లల్ల తిరిగినయి. కఫన్‌కు రంగు ఉండదు, గా బట్టల నా చేతిపని లేదు. ఇంటికొచ్చి అన్నం ముట్టలే.

పది దినాలకు బామ్మర్ది చీర పంపిండు. ఇప్పి చూసిన. ఏం చెప్పాలె. గా తిరుగుతున్న కాయ రంగు మీద సన్నటి తెల్ల చిటికెలు, పొద్దటి పూట ఆకుల సందుల నుంచి ఎండ పడ్డట్టు. ముప్పై ఏండ్లల్ల నా చేతి కింద పోయిన రంగుల్ల గసొంటిది లేదు. మడిచి, కాగితంల చుట్టి, పై అరల పెట్టిన. ఇద్దత్ అయినంక ఇద్దామనుకున్న. గా తీరుగనే ఊకుంటే ఎంత బాగుండె.

రంజాన్ వచ్చింది. పండుగకు పది దినాలున్నదనంగ హమీదా ఆపా వచ్చింది. షాహీన్ తల్లి ఆమె. ఇద్దత్ మొగని ఇంట్లనే గడపాలె గనక, బిడ్డకు తోడుగ వచ్చి అల్లుని ఇంట్ల ఉంటాంది. రోజా ఉపాసం ఉన్నది, మొకం వడిలిపోయి ఉన్నది. అరుగు అంచున కూసున్నది.

"భయ్యా, యూసుఫ్ చీర ఒకటి నీ తాన ఉన్నదట?"

"ఉన్నది ఆపా."

"షాహీన్ తిండి మానేసింది. తెల్లారకముందు సహ్రీ బువ్వకు లేపితే నీళ్లు తాగి పంటాంది. ఒక్కటే మాట. చీర తెచ్చియ్యి అమ్మీ అంటది. ఎట్ల తెస్త భయ్యా? ఏం రంగో ఏమో. ఈద్‌కు చుట్టాల ఆడోళ్లంత వస్తరు. మొగడు పోయి రెండు నెలలు కాలే, రంగుచీర పట్టుకొని కూసున్నది అంటరు. పిల్ల మీద మాట పడ్తది."

నేను చీర దించి ఇప్పిన. ఆపా ఒక్కసారి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తాంది. "మా యూసుఫ్ గింత మంచిది చేయించిండా" అన్నది. "గిది ఇస్తే ఇంకేమన్న ఉన్నదా. దాచిపెట్టు భయ్యా."

గాడ ఆగితే అయిపోవు. నాకు ఆగుడు రాదు. పండుగ ముందట నా దుకాణంల నల్లరంగు బాగ నడుస్తది, వెలిసిపోయిన బుర్కాలు మల్ల నల్లగ చేయించుకుంటరు. కాటన్‌వే తీసుకుంట, పాలిస్టర్‌కు నా మందు పట్టదు. గా దినం పెద్ద గంగాళంల నల్లటి బాత్ మరుగుతాంది. బాత్ అంటే రంగు కలిపిన వేడినీళ్లు. గంగాళం దిక్కు చూసిన, చీర దిక్కు చూసిన, ఆపా దిక్కు చూసిన. నా తెలివి నన్ను పట్టి గుంజింది.

"ఆపా, ఒక పని చేద్దాం. నలుపు ఏసిస్త. నల్లచీరను ఎవలు ఏమంటరు? ఇద్దత్‌ల కట్టుకోవచ్చు గద. మొగడు ఇచ్చిన చీర ఒంటి మీద ఉంటది, పిల్ల పాణం కుదుటపడ్తది."

ఆపా కండ్లు తుడుచుకున్నది. "నలుపైతే పరవాలేదంటరు. అయినా షాహీన్‌ను ఒక మాట అడిగి వస్త భయ్యా."

"అడుగుడెందుకు ఆపా? బాత్ ఇయ్యాల్నే మరుగుతాంది, మల్ల పెట్టుడు పండుగ అయినంకనే. మూడు గంటలు కూసో, పట్టుకపోదువు."

ఆమె రోజాతోని అలిసి ఉన్నది, బిడ్డ తినకపోతే భయపడి ఉన్నది. నన్ను నమ్మింది. "నీకే ఎరుక భయ్యా, చెయ్" అన్నది.

చీరను ముందుగాల చన్నీళ్లల్ల తడిపిన. తడిసినంక గా రంగు ఇంకింత లేచింది. గప్పుడన్న చెయ్యి ఆగాలె గద. ఆగలే. కట్టెతోని నల్లనీళ్లల్లకు ఒత్తిన. తెల్ల చిటికెలు ముందుగాల పోయినయి. బామ్మర్ది పెండ్లాం ఇరవై దినాలు కూసోని ఒక్కొక్క ముడి ఏసి కాపాడిన తెలుపు, రెండు నిమిషాలల్ల మునిగింది. రంగు జరసేపు ఓర్చుకున్నది. పచ్చగ, బూడిదగ, ఆఖరుకు నల్లగ అయింది. కట్టెతోని ఇంకోపారి ఒత్తిన.

ఆరవెట్టి, మడిచి ఇచ్చిన. ఆపా దువా చేసి పోయింది. నేను పుణ్యం చేసినోని తీరుగ గా పూట చాయ్ రెండు కప్పులు తాగిన.

తెల్లారి ఆపా మల్ల వచ్చింది. మొకం చూడంగనే అరుగు దిగిన. "షాహీన్ నీతోని మాట్లాడుతదట భయ్యా. పర్దా అవతల కూసుంటది. జర రా" అన్నది.

పోయిన. చిన్న ఇల్లు. లోపలి అర్రకు పాత చీర పర్దాగ కట్టి ఉన్నది. దాని కింద నల్లచీర అంచు కనిపిస్తాంది, ఒళ్లె పెట్టుకొని కూసున్నట్టున్నది. నేను గడప కాడ కూసున్న.

"చాచా," అన్నది. గొంతు చిన్నపిల్ల గొంతు తీరుగ ఉన్నది. "నేను కట్టుకుంటనన్ననా?"

నేను నా గోర్లకు అంటిన నలుపు చూసుకున్న.

"నాకు తెలువదా చాచా, ఇద్దత్‌ల రంగు కట్టొద్దని? ఆయన పోయినంక రంగెవలికోసం కడ్త? నేను చూస్తనన్న. ఒక్కపారి చూసి, మల్ల మీకే పంపుదామనుకున్న. రంగేందో చెప్పకుంటనే పోయిండు. దినాం అడిగేదాన్ని. ఈద్ నాడు చూద్దువు తియ్ అన్నడు."

ఆపా గోడకు తల కొట్టుకున్నది. "నేను అడుగుతనన్న బిడ్డా, అడుగుతనన్న" అని ఏడ్చింది. అవును, ఆమె అడుగుతనన్నది. అడగొద్దన్నది నేను.

"ఏం రంగు చాచా?"

"బత్తాయి రంగు బిడ్డా."

పర్దా కింద చీర అంచు లోపలికి జరిగింది. "పచ్చదా? పసుపుదా?"

"రెండు కాదు. తిరుగుతున్న కాయ. ఒక్క పూట ఉండే రంగట. నువ్వు ఎన్నడు చూడలేదట. నీకు చూపియ్యాలని..."

ఆమె ఏడ్వలే. ఏడిస్తే నాకు జర అల్కగ ఉండేదేమో. "మాపటికి ఆయన బట్టల నుంచి బత్తాయి వాసన వచ్చేది," అన్నది. "గా అంగి ఇడిచి బయట ఎయ్యి, ఇల్లంత వాసన అని కొట్లాడేదాన్ని." గంతే. నేను లేచి వచ్చిన.

మనసు కుదురుత లేదు. నేను చేసింది తప్పు కాదని ఎవలన్న అంటే బాగుండు అనిపించింది, మనిషి బుద్ధి గట్లనే ఉంటది. పొద్దు వాలంగ అసర్ నమాజ్ అయినంక మసీదు కాడ హజ్రత్‌ను కలిసిన. నమాజ్ చదివించే పెద్దాయన, నా తాన తెల్ల దస్తీలకు నీలం పెట్టించుకునేటోడు. అంతా చెప్పిన. మధ్యల ఆపకుంట ఇన్నడు. అయినంక అడిగిండు, "గా చీర ఎట్ల నేసిందన్నవు?"

"చిటికిది హజ్రత్. నూలుకు ముడులు కట్టి, రంగేసి, అటెనుక నేసింది."

ఆయన కండ్లద్దాలు తీసి చేతుల పట్టుకున్నడు. "నర్సయ్యా, ఇద్దత్‌ల ఉన్న ఆడిమనిషి రంగేసిన బట్ట కట్టొద్దని ప్రవక్త చెప్పిన మాట ఉన్నది. గా మాటలనే ఒక్క బట్టకు ఇడుపు ఉన్నది. దాన్ని అస్బ్ అంటరు. యమన్ దేశంల నేసేది. నూలును ముందుగాల ముడులు కట్టి, రంగుల ముంచి, అటెనుక నేసేదని పెద్దలు రాసిండ్రు."

నేను చెవులు నమ్మలే. "ముడులా హజ్రత్?"

"ముడులే. కట్టిన కాడ తెల్లగ ఉంటది."

గది మా పనే గద. ఎన్నడో, ఎక్కడో ఎడారి దేశంల, గింత దుఃఖంల ఉన్న ఆడామెకు ఒక్క బట్ట ఇడిచిపెట్టిండ్రంటే, గది మా ఇంటి పనసొంటి బట్టనే. నేను గా బట్టను పట్టుకపోయి, నేసినంక మల్ల ముంచిన.

నా మొకం చూసి హజ్రత్ నెమ్మదిగ అన్నడు, "దీని మీద ఆలిములు, అంటే మతం చదువుకున్న పెద్దలు, అంత ఒక్క తీరుగ చెప్పరు నర్సయ్యా. మా దిక్కు పెద్దలు కొందరు గది సుత వద్దన్నరు, కొందరు సింగారానికి కాకపోతే పరవాలేదన్నరు. కట్టుకునే సంగతి అడిగితే నేను కితాబు తీసి చూసి చెప్పేటోన్ని. గాని చూసుడు, ఒళ్లె పెట్టుకొని ఏడ్చుడు ఎవలూ ఎన్నడూ వద్దనలే. దానికి ఏ కితాబూ తీయనవసరం లేకుండె."

ఆయన నన్ను తిట్టలే. తిడితే బాగుండె.

ఆ ఏడు ఈద్ నాడు షీర్ ఖుర్మా గిన్నె ఆ ఇంటి నుంచి సుత మా ఇంటికి వచ్చింది. నేను ముట్టలేకపోయిన.

వానకాలం ఆఖర్ల ఇద్దత్ అయిపోయింది. పెద్దకాపు దినాలు, ఊరంత బత్తాయి లారీలే. ఒకనాడు పగటీలి షాహీన్ తల్లిని తోలుకొని దుకాణానికి వచ్చింది. పర్దా లేకుంట ఆమెను చూసుడు నాకదే మొదలు. బుర్కాల మొకం ఒక్కటే కనిపిస్తాంది, చిన్నమొకం, ఎముకలు తేలి ఉన్నయి. చేతి సంచిలకెల్లి ఒక బత్తాయి తీసి అరుగు మీద పెట్టింది, యూసుఫ్ పెట్టిన కాడనే.

"ఇదేనా చాచా?"

చూసిన. పండుబారిన పసుపు. "కాదు బిడ్డా. ఇది మారిపోయింది."

"దినాం తెప్పించిన. ఇంటికి వచ్చేసరికి మారిపోతాంది."

"పొద్దుగాల మార్కెట్ కాడికి పోతే..."

"పోయిన చాచా. నిన్న అమ్మీని తీస్కొని తెల్లారంగనే పోయిన. ఆయన ఏరే కాడ నిలవడ్డ. కుప్పలు కుప్పలు ఉన్నయి, ఒక్కోటి ఒక్కో తీరుగ. ఆయన చూపెడ్తనన్నది ఏదో నాకెట్ల తెలుస్తది?"

"నేను మల్ల చేయిస్త బిడ్డా," అన్న. చేతులు జోడించిన. "అదే నూలు, అదే చిటికి, అదే మగ్గం. నా తప్పు నేను దిద్దుకుంట."

ఆమె నా దిక్కు సూటిగ చూసింది. "ఏం రంగని చెప్తవు చాచా?"

కండ్లు మూసుకున్న. ఆరు దినాలు వానితోని కొట్లాడి పట్టిన షేడ్. పచ్చ ఎంత, పసుపు ఎంత? కండ్లల్లకు వచ్చినట్టే వచ్చి జారిపోతాంది. మూసుకున్న కండ్ల ముందట నల్లనీళ్లే మరుగుతున్నయి. యూసుఫ్‌కు చూపిచ్చిన చిలపను దాచుకోలే, బామ్మర్ది తాన నూలు ముక్క సుత మిగలలే. అట్టకు అతికించిన పోగు ఒక్కటుంటే సాలు. నా కన్నే నా షేడ్ కార్డ్ అని ఊరంత చెప్పిన కన్ను, పనికొచ్చే నాడు గుడ్డిదైంది.

"యాదికొస్తలేదు బిడ్డా," అన్న. ఆమెకు సమజైంది. సంచిలకెల్లి నల్లచీర తీసింది. "ఈ నలుపు తీయొస్తదా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలే. "తీయొస్తది. దాన్ని స్ట్రిప్పింగ్ అంటరు. మందు ఏసి ఉడకవెడితే నలుపు పోతది. కాని నలుపును తినే మందు కింది రంగును ఇడిచిపెట్టదు బిడ్డా. లేతరంగును ముందుగాలనే తింటది. ఆఖరుకు ఏ రంగూ లేని పాలిపోయిన బట్ట మిగుల్తది."

ఆమె చీర పట్టుకొని అరుగు దిగి ఎండలకు పోయింది. ఒక పొర ఇప్పి ఎండకు అడ్డం పట్టింది. తెలుపు మీద పడ్డ నలుపు ఒక తీరు, రంగు మీద పడ్డ నలుపు ఒక తీరు. మంచి ఎండల చూస్తే చిటికెల నీడ ఉన్నట్టు కనిపిస్తది, మబ్బు పడితే ఉండదు. శానసేపు చూసింది. హమీదా ఆపా గుంజకు ఒరిగి కండ్లు ఒత్తుకుంటాంది.

"లోపల ఉన్నది గద చాచా," అన్నది షాహీన్.

"ఉన్నది బిడ్డా. కిందనే ఉన్నది."

"మరి ఉండనీ. తీస్తే గది సుత పోతది." మడత మీద మడత ఏసి సంచిల పెట్టుకున్నది. పోయేటప్పుడు సలాం చేసింది. అరుగు మీద బత్తాయిని తీసుకపోలే.

గటెనుక నేను షేడ్ పుస్తకం పెట్టిన. ఏసిన రంగులన్నిటికీ ఒక పోగు కత్తిరించి, అతికించి, పక్కన ఎవలిదో రాస్త. ఎవలన్న వేరేటోళ్ల బట్ట తెచ్చి రంగు మార్చమంటే, గిది ఎవలిది, వాళ్లను అడిగిండ్రా, వాళ్లు ఏమన్నరు అని అడుగుత. అడగలేదంటే అడిగి రమ్మని పంపుత. శానామంది ఇసుక్కుంటరు. నర్సయ్యకు ముసలితనం వచ్చి చాదస్తం పట్టింది, పక్క దుకాణంల ఇద్దాం పా అని లేచిపోయేటోళ్లు సుత ఉన్నరు. పోనియ్యి. రంగేసుడు మూడు గంటల పని, అడుగుడు ఒక్క మాట పని. ముప్పై ఏండ్లు నేను గా మూడు గంటల పని ఒక్కటే నేర్చుకున్న.